కెప్టెన్ గారి సెట్టింగులు

గౌతమి జుట్టు పట్టుకుని ఆమె ముఖాన్ని కంప్యూటర్ తెర దగ్గరకు ఈడ్చాడు ప్రేమ్‌కుమార్.

"సదువు. ఏటుందో పైకి సదువు."

తెర మీద తెరిచి ఉన్నది ఆట తాలూకు సెట్టింగుల ఫైలు. యుద్ధంలో గడ్డి ఎంత కనపడాలి, నీడలెంత పడాలి, పొగ ఎంత కమ్మాలి, అన్నీ అందులో అంకెల్లో ఉంటాయి. ఇంట్లో కంప్యూటర్ పాతది. ఆ అంకెలు తగ్గించకపోతే ఆట ముక్కుతూ మూలుగుతూ నడుస్తుంది. పోయిన ఆదివారం పొగ అంకె తగ్గించడం గౌతమి మర్చిపోయింది. దేవరాపల్లి జట్టు చేతిలో కెప్టెన్ గారు చచ్చారు. ఆటలోనే లెండి. దానికి ఆయన అట్లకాడ కాల్చి పెళ్ళాం చేతి మీద పెట్టాడు.

పోనీ ఆ ఫైలేదో తనే మార్చుకోవచ్చు కదా? అబ్బే. అందులో ఒక్క అక్షరం తప్పు పడినా ఆట తెరుచుకోదని భయం. బీఎస్సీ కంప్యూటర్స్ చదివింది పెళ్ళాం కాబట్టి ఆ చాకిరీ పెళ్ళానిదే. చొక్కా ఇస్త్రీ ఎలాగో ఇదీ అలాగే. పక్కన నిలబడి కొట్టడం మాత్రం అయ్యగారి పని.

గౌతమి గడ్డి సున్నా చేసింది. నీడలు సున్నా చేసింది. పొగ తగ్గించింది. బాగా కిందకి వెళ్ళి ఇంకో చోట కూడా ఏదో మార్చింది.

"అదేటే?"

"సౌండు. బాగా వినిపిస్తాది."

అడుగుల చప్పుడు వినపడితే శత్రువుని ముందే పట్టేయొచ్చు. ప్రేమ్‌కుమార్ ఊ అని జుట్టు వదిలాడు.

నిన్న సాయంత్రమే తమ్ముడు హరిబాబు ఆమెను రోలుగుంట పుట్టింటి నుంచి బండి మీద తెచ్చి ఇక్కడ దింపాడు. చేతి మీద వాత చూపించి ఎంత ఏడ్చినా నమ్మలేదు. గంజి వార్చేటప్పుడు పడిందట కదా అన్నాడు. హరిబాబు కూడా బావ జట్టులోనే ఆడతాడు మరి. "రోజూ మైకులో వింటన్నాను కదక్కా, బావ గొంతు ఒక్కసారైనా లేసిందా?" అని ఎదురడిగాడు. ఈ ఇంట్లో తాను చచ్చిపోయినా జారిపడి చచ్చిందనే నమ్ముతారని గౌతమికి అప్పుడే అర్థమైంది. ఆ రాత్రంతా నిద్రపోలేదు.

జట్టులో మిగతా కుర్రాళ్ళందరూ, హరిబాబుతో సహా, బస్టాండు పక్క నెట్ సెంటర్లో కూర్చున్నారు. ప్రేమ్‌కుమార్ హెడ్‌సెట్ తగిలించుకున్నాడు. మైకులో మాట్లాడాలంటే ఒక బటన్ నొక్కి పట్టుకోవాలి. నొక్కగానే ఆయన గొంతు మాడుగుల హల్వా అయిపోతుంది. ఎరువుల కొట్లో రైతులతో మాట్లాడేదీ ఆ గొంతుతోనే.

"తమ్ముళ్ళూ, కంగారు పడకండి. హరీ, నా ఎనకాలే ఉండు. నేను సూసుకుంటాను."

బటన్ వదిలాడు. ఆట మొదలైంది. కాసేపటికే గోడ చాటు నుంచి ఎవడో కాల్చాడు. కెప్టెన్ గారు మళ్ళీ చచ్చారు.

హెడ్‌సెట్ పీకి బల్ల మీద పడేసి లేచాడు. ముందుగదిలో అతని తల్లి మంగాయమ్మ టీవీ సౌండు పెంచింది. కొడుకు చెయ్యి లేచినప్పుడల్లా ఆవిడ చేసే సాయం అదొక్కటే.

మొదటి దెబ్బకి గౌతమి వెళ్ళి బల్ల అంచుకి కొట్టుకుంది. పెదవి చిట్లింది. రెండోది కాలితో, కడుపులో. ఎప్పుడూ వంటింట్లోకి పరిగెత్తి తలుపేసుకునే మనిషి ఈరోజు కదల్లేదు. బల్ల కాలు పట్టుకుని అక్కడే కూలబడి, జన్మలో లేనిది, ఎదురు మాట్లాడింది.

"మొన్న నా సెయ్యి మీద అట్లకాడ పెట్టింది ఎవరు?"

"నేనే. ఏటి సేస్తావ్?"

"మరి గంజి పడిందని మా తమ్ముడికి ఎందుకు సెప్పేరు?"

ప్రేమ్‌కుమార్‌కి నవ్వొచ్చింది. నడుముకున్న బెల్టు లాగాడు.

"ఆడొట్టి ఎర్రిగుంటడు. నేనేటి సెప్పినా నమ్ముతాడు. నిన్న నిన్ను దింపేసి, తిరిగి నాకే దణ్ణం ఎట్టి పోయేడు."

బెల్టు ఆమె వీపు మీద పడింది, మెడ మీద పడింది, అడ్డం పెట్టిన చేతుల మీద పడింది. కాలిన చోటే మళ్ళీ పడింది. ఆ చెయ్యి పడిపోను! గౌతమి గొంతు చించుకుని అరిచింది. ఆ అరుపు మీదుగా అతనూ అరిచాడు.

"రేపు నిన్ను నూతిలోకి తోసేసి కాలు జారిందంటాను. అదీ నమ్ముతాడు నీ తమ్ముడు."

తన చెయ్యి నొప్పి పుట్టాకే బెల్టు కింద పడేశాడు. చొక్కా అంచుతో ముఖం తుడుచుకున్నాడు. ఇంకో రౌండు ఉంది. కుర్చీ లాక్కుని కూర్చుని, హెడ్‌సెట్ తగిలించుకుని, బటన్ నొక్కాడు. గొంతు మళ్ళీ హల్వా.

"సారీ తమ్ముళ్ళూ, ఎవరో సుట్టాలొచ్చేరు. అందరూ రెడీయేనా?"

ఎవరూ పలకలేదు. వైరు ఊడిందేమో అని చూసుకున్నాడు. బాగానే ఉంది. హరీ, ఉన్నావా అని అడిగాడు. దానికీ జవాబు లేదు.

గౌతమి కింద కూర్చునే పెదవి మీద నెత్తురు తుడుచుకుని వీధి తలుపు వైపు చూసింది.

చివరికి జట్టులో సత్యారావనే కుర్రాడి గొంతు వినపడింది.

"బటన్ నొక్కక్కర్లేదు అన్నియ్యా, ఆట మొదలైన కాడ్నుంచీ నీ మైకు ఆన్లోనే ఉంది. హరి మీ ఈదిలోకి వచ్చేసుంటాడు."