సైమి వెతికిన నంబరు

"విప్పొద్దంటే విప్పొద్దు!" ఓయివ బల్ల మీది తుపాకీకి చెయ్యి అడ్డం పెట్టాడు. "నా డెబ్బయ్యో పుట్టినరోజు కానుక. కానుకని మరలు విప్పి చూస్తారా ఎవరైనా?"

"నువ్వు ఊరుకో." సైమి భర్త చేతిని పక్కకు తోసింది. "టోర్స్టి గారూ, మీరు కానివ్వండి. ఆరేళ్లు వెతికి కొన్నాను. దీని మీద కొట్టింది దొంగ నంబరైతే ఇవాళే తెలిసిపోవాలి."

పాత సైనిక తుపాకుల పుట్టుపూర్వోత్తరాలు తేల్చడంలో టోర్స్టిది నలభై ఏళ్ల అనుభవం. లపువా చుట్టుపక్కల ఎవరికి సందేహం వచ్చినా అతని షెడ్డుకే వస్తారు. అతను చెక్కను ఊడదీసి, ఇనుప భాగాన్ని తిరగేశాడు.

"ఇదిగో, 1897. రష్యాలో పుట్టింది. గొట్టం మాత్రం మనవాళ్లు తర్వాత బిగించారు. చెక్క రెండు ముక్కల అతుకు. తూటా ఎక్కించే బోల్టు ఇంకో తుపాకీది."

సైమి ముఖం వాడిపోయింది. "అయితే మా మామగారిది కాదా?"

"అయ్యో, మన ఫిన్లండ్ సైన్యం తుపాకులన్నీ ఇలాంటి అతుకుల బొంతలేనమ్మా. నంబరుండేది గొట్టం మీద. గొట్టం ఆయనదైతే తుపాకీ ఆయనదే."

"ఏదో ఒకటి లెద్దూ," అన్నాడు ఓయివ. "కాఫీ చల్లారిపోతోంది."

"ఏదో ఒకటా! మీ నాన్న యుద్ధం నుంచి వచ్చాక నిద్రలో కూడా తన తుపాకీ నంబరు 63418 అని కలవరించేవాడని నాకు చెప్పిందెవరు? పెళ్లికి ముందే డైరీలో రాసిపెట్టుకున్నాను నేను."

ఓయివ యాలకుల బన్ను నోట్లో కుక్కుకున్నాడు.

టోర్స్టి భూతద్దంతో ఒక్కొక్క అంకే చూశాడు. పాత నంబరును ఆకురాయితో అరగదీసి కొత్తది కొడితే అక్కడ ఇనుము పల్లమవుతుంది. వేలితో తడిమాడు. ఎక్కడా పల్లం లేదు.

"నిఖార్సైన నంబరు. ఎవరూ దిద్దలేదు. సరిగ్గా 63418."

సైమి భర్త బట్టతల మీద ముద్దుపెట్టి, కళ్లు తుడుచుకుంటూ కారు దగ్గరికి వెళ్లింది.

ఓయివ గొట్టం నిమురుతూ ఉండిపోయాడు. అతని కళ్లూ తడిశాయి.

"నీకెందుకయ్యా ఏడుపు? మీ నాన్న తుపాకీ దొరికిందిగా?" అన్నాడు టోర్స్టి.

కిటికీ అవతల కారు అద్దం మీది మంచు గీకుతున్న భార్యనే చూస్తూ ఓయివ గొంతు తగ్గించాడు.

"ఆ పిల్ల మెప్పు కోసం ఆ నంబరు నేనే అల్లానయ్యా."