ఒక్క గంట పని

గుమ్మంలో నిలబడ్డ ఉద్యోగాల సర్వే అమ్మాయికి ముందే చెప్పేశాను. "మాంద్యం దెబ్బకి మా మిల్లు మూతపడింది. నేను ఖాళీ. అలాగే రాసుకో తల్లీ."

"పోయిన వారం కూలికి ఒక్క గంటైనా పని చేశారా బాబాయ్?"

"ఒకరోజు మా బావమరిది కొట్లో బస్తాలు దించాను. వద్దంటున్నా వినకుండా ఏదో జేబులో కుక్కాడు."

"అయితే మీరు ఉద్యోగంలో ఉన్నట్టే."

ఒళ్ళు మండింది. "మిల్లులో మగ్గాలు నడిపినవాణ్ణి! బస్తాలు దించితే ఉద్యోగమా? వేళాకోళంగా ఉందా?"

"గంట చేస్తే చాలు బాబాయ్. ఆ రూలు నేను పెట్టింది కాదు." తల దించుకుంది. "నాకూ ఈ సర్వే అయ్యేదాకే పని."

మంచినీళ్ళిచ్చి పంపాను.

నెల తిరిగేసరికి టీవీలో చెప్పారు. గడ్డుకాలం పోయిందట, వేలమందికి పనులు దొరికాయని సర్వేలో తేలిందట. వడ్డిస్తున్న మా ఆవిడ చెయ్యి ఆగిపోయింది.

"విన్నారా? ఊళ్ళో అందరికీ దొరుకుతున్నాయి. మీరే గుమ్మం దిగరు."

తల వంచుకుని అన్నం కలుపుకున్నాను. ఆ దొరికినవాళ్ళలో నేనూ ఉన్నానని ఆమెకు ఏ మొహం పెట్టుకుని చెప్పను?