ఫోటోలో లేని గోడ

“ఆ గోడ కూల్చకండి బాబూ.”

వారెన్ తిరిగి చూశాడు. వాకిట్లో గడ్డి టోపీ పెట్టుకున్న ముసలాయన నిలబడి ఉన్నాడు.

“పని కోసమైతే మాకు మనుషులున్నారు పెద్దాయనా.”

“పనికి రాలేదు. గోడ చూసిపోదామని వచ్చాను.”

వారెన్, అతని భార్య నోరీన్ ఎడారి ఊరైన పామ్ స్ప్రింగ్స్‌లో ఆ ఇల్లు కొని నెల కాలేదు. 1957 చివర్లో హాల్వర్ డీన్ అనే ఆర్కిటెక్ట్ కట్టిన ఇల్లది. చదునైన కప్పు, నేల నుంచి కప్పు దాకా అద్దాలు, అద్దాల అవతల కొండ. డీన్ ఇల్లంటే ఆ ఊళ్లో గుడి కిందే లెక్క. ఉన్న ఇల్లు అమ్మేసి మరీ దీన్ని కొనుక్కున్నారు.

ఇప్పుడు వాళ్లకి మిగిలిన కోరిక ఒక్కటే. నగరం వాళ్ల రక్షిత కట్టడాల జాబితాలో తమ ఇల్లు ఎక్కాలి, గుమ్మం పక్కన కంచు ఫలకం పడాలి. అలా ఎక్కాలంటే ఇల్లు కట్టిననాడు ఎలా ఉందో అలాగే ఉండాలని వాళ్ల నమ్మకం.

పడమటి వైపున్న జాలీ గోడ దానికి అడ్డొచ్చింది. చిల్లుల సిమెంటు దిమ్మలతో నిలువెత్తున లేచి, కొండని సగం మింగేసింది. 1958 జనవరిలో పత్రికలో పడిన ఫోటోలో ఆ గోడ లేదు.

“తర్వాత కొన్నవాడెవడో తెలివితక్కువగా కట్టించి ఉంటాడు,” అంది నోరీన్. “డీన్ చూస్తే ఏడ్చేవాడు.”

ముసలాయన నవ్వాడు.

“చూశాడమ్మా. ఏడవలేదు.”

“మీకెలా తెలుసు?”

“ఈ ఇంటికి పనిచేశాను. ఫోటో తీసింది జనవరిలో, ఎండ వచ్చింది మేలో. మధ్యాహ్నం మూడింటికి అప్పటి ఇంటావిడ కళ్లు తిరిగి పడిపోయింది. ఆగస్టుకల్లా గోడ లేపాం.”

“ప్లాను కాగితం ఉందా?”

“ఎక్కడిది? ఇసకలో కర్రపుల్లతో గీశాను.”

“ఆ ఇసక దాచి ఉంటే పట్రండి. జాబితా కమిటీకి చూపిద్దాం,” అన్నాడు వారెన్.

ముసలాయనకి వెక్కిరింత అర్థం కాకపోలేదు. గోడ మీద అరచెయ్యి ఆనించి చూసి వెళ్లిపోయాడు.

మర్నాడు మళ్లీ వచ్చాడు.

“కూల్చక తప్పదంటే నన్ను విప్పనివ్వండి. ఒక్కో దిమ్మా పగలకుండా దించుతాను. కూలి వద్దు. ఆ అచ్చు ఇప్పుడెక్కడా లేదు బాబూ.”

“మీకెన్నేళ్లు?” అన్నాడు వారెన్.

“ఎనభై ఏడు.”

“లైసెన్సుందా?”

“ఎప్పుడూ లేదు.”

“మీరు జారి పడితే కోర్టుల చుట్టూ తిరగాల్సింది నేను.”

“పడను.”

“పడేవాళ్లంతా అలాగే అంటారు.”

ముసలాయన గోడ వైపు చూశాడు.

“పోనీ, ఒక్క దిమ్మ ఇప్పించండి.”

“నాదేముంది, కాంట్రాక్టరుని అడగండి.”

నోరీన్ లోపలికి వెళ్లి చల్లటి నీళ్ల సీసా తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. అంతకుమించిన మర్యాద ఆమెకి తోచలేదు.

“నా పేరు యూసేబియో అమ్మా. ఊరి చివర ట్రైలర్ ఇళ్ల కాలనీలో ఉంటాను. మనసు మారితే కబురు చెయ్యండి.”

మనసు మారలేదు.

బుధవారం పొద్దున యంత్రం వచ్చింది. గోడ పడిపోవడానికి నలభై నిమిషాలు పట్టింది. రోడ్డుకి అవతల నిలబడి ముసలాయన చివరిదాకా చూశాడు. ఒక్క దిమ్మ కూడా సాంతం మిగల్లేదు.

జూన్ వచ్చేసరికి మధ్యాహ్నం మూడింటికి ఆ ఇంట్లో కూర్చోవడం ఎవరి తరమూ కాలేదు. కొండ కోసం గోడ కూల్చినవాళ్లు కొండ కనపడకుండా అద్దాలకి దుప్పట్లు కట్టుకున్నారు. ఫలకం కోసం అదీ ఓర్చుకున్నారు.

సెప్టెంబరులో కమిటీ తరఫున లొరెట్టా అనే ఆవిడ వచ్చింది. ఇంట్లోకి రాకుండా నేరుగా పడమటి వైపు నడిచింది. అక్కడ ఆగిపోయింది.

“గోడ ఏదీ?”

“తీయించేశాం. ఫోటోలో ఎలా ఉందో అచ్చం అలాగే చేయించాం,” అన్నాడు వారెన్, మెప్పు కోసం ఆమె మొహంలోకి చూస్తూ.

లొరెట్టా మెట్టు మీద కూలబడింది.

“మేం ఇంటి కోసం రాలేదండీ. ఆ గోడ కోసం వచ్చాం.”

నోరీన్ ముందుకొచ్చింది.

“దాన్ని కట్టిన మేస్త్రీ ఇక్కడే ఉన్నాడు, యూసేబియో అని. వెళ్లి బతిమాలుకుంటాం. మళ్లీ కట్టించుకుంటాం.”

“ఆయన జూలైలో పోయారు. శవాన్ని తీసుకెళ్లడానికి ఎవరూ రాకపోతే కౌంటీ ప్రభుత్వం వాళ్లే దహనం చేశారు. మేం వెతుక్కుంటూ వెళ్లేసరికి పది రోజులు దాటింది.”

ఒక తాపీ మేస్త్రీ కోసం కమిటీ వాళ్లు ఎందుకు వెతికారో వారెన్‌కి అంతుబట్టలేదు. ఆ మాటే అడిగాడు.

లొరెట్టా సంచిలోంచి ఒక ఉత్తరం నకలు తీసి ఇచ్చింది. డీన్ చనిపోయే ముందు రాసి, ఎవరికీ పంపకుండా వదిలేసిన ఉత్తరం. పాత కాగితాల్లో అది అతని కూతురికి వేసవిలో దొరికిందట.

నోరీన్ చదవడం మొదలుపెట్టింది. చివరికొచ్చేసరికి కాగితం భర్త చేతికిచ్చింది. మిగిలింది వారెన్ చదివాడు.

“ఈ ఊళ్లో నావని అందరూ చెప్పుకునే పదకొండు ఇళ్లూ గీసింది యూసేబియోనే, నా సంతకం పడకుండా అతనికంటూ మిగిలింది ఆ పడమటి గోడ ఒక్కటే.”