నాలుగో తాడు

"అమ్మాయి ఇవాళ ఆ లిఫ్టు ఎక్కడానికి వీల్లేదు!"

భార్య వీధి తలుపుకి అడ్డంగా నిలబడింది. కూతురు కొత్త చెప్పుల కోసం మంచం కిందా బీరువా వెనకా వెతికి వెతికి, చివరికి మూలనున్న పాత చెప్పుల్లో కాళ్ళు దూర్చింది. కొత్తవి ఎవరు దాచారో ఇంట్లో అందరికీ తెలుసు.

లిఫ్టు మెకానిక్ కాఫీ గ్లాసు కింద పెట్టాడు. "మళ్ళీ అదే కలా?"

"దానికి ఉద్యోగం వచ్చిన రోజు నుంచీ అదేనండీ. ఇవాళ్టికి పదకొండు రోజులు. లిఫ్టు జారిపోతుంది. అడుగున గోతిలో అమ్మాయి. ఎడమ చెప్పు పట్టీ తెగి పక్కన పడుంటుంది."

"మోకాలికీ బోడిగుండుకీ ముడిపెట్టకు. లిఫ్టుని మోసేది తాళ్ళు, నీ కలలు కాదు. అదీ ఒకటి కాదు, నాలుగు తాళ్ళు!"

"ఆ నాలుగూ చూశారా?"

"చూడకుండా సంతకం పెడతానా?" అన్నాడు గ్లాసు వైపు చూస్తూ.

"మొదటి రోజమ్మా!" కూతురు గోలపెట్టింది. "అమ్మకి కలొచ్చింది, రాలేనని చెప్పనా? నవ్విపోతారు."

"నవ్వనీ. వాళ్ళు నవ్వడానికి నువ్వుంటే చాలు."

"సరే, దాంతో పాటు నేనూ ఎక్కుతాను. పడితే ఇద్దరం పడతాం. తప్పుకో," అన్నాడతను. భార్య తప్పుకుంది. కూతురి వంక కాక అతని వంకే చూస్తూ తప్పుకుంది.

అది పద్నాలుగు అంతస్తుల మేడ. కూతురికి ఉద్యోగం వచ్చిన, ఇళ్ళకు ప్లాన్లు గీసే ఆఫీసు చిట్టచివరి అంతస్తులో ఉంది. ఆ లిఫ్టు బాగోగులు చూసేది అతనే. తలుపులు తెరుచుకున్నాయి. కూతురు లోపలికి అడుగు వేసి, "ఛ!" అంటూ వంగింది.

"చూడు నాన్నా, పాత చెప్పు పరువు తీసింది!"

ఎడమ చెప్పు. పట్టీ తెగి వేలాడుతోంది.

అతను తలెత్తి లిఫ్టు కప్పు వైపు చూశాడు. లిఫ్టు మెషీన్ గది మేడ నెత్తి మీద ఉంది. తాళ్ళు చూడాలంటే పద్నాలుగో అంతస్తు దాటాక నిటారు ఇనప నిచ్చెన ఎక్కాలి. మోకాళ్ళు మొరాయించిన దగ్గర్నుంచి అతను ఆ నిచ్చెన మొహం చూడలేదు. వాచ్‌మన్ స్టూలు మీద కూర్చుని, తనిఖీ కార్డులో గడులన్నీ నింపి సంతకం గీకేసేవాడు. ఎనిమిది నెలలు. ఏమీ కాలేదు. ఏమీ కాదనుకున్నాడు.

కూతురి మణికట్టు పట్టుకుని బయటికి లాగాడు.

"అబ్బా! నువ్వు కూడానా నాన్నా?"

"మెట్లెక్కు."

"పద్నాలుగు అంతస్తులా!"

"నేనెక్కట్లేదూ?"

లిఫ్టు కరెంటు తీసేసి, ఎవర్నీ దగ్గరికి రానివ్వొద్దని వాచ్‌మన్‌కి చెప్పి మెట్లు అందుకున్నాడు. ఐదో అంతస్తుకి మోకాళ్ళు మండాయి. పదో అంతస్తుకి కూతురి భుజం పట్టుకున్నాడు. నిచ్చెన మాత్రం ఒక్కడే ఎక్కాడు.

పని నేర్పిన మేస్త్రీ తాళ్ళు చూడ్డానికి చెప్పిన పద్ధతి ఒక్కటే. పాత నూలుగుడ్డ తాడు చుట్టూ బిగించి లాగాలి. తాడులో పేనిన ఇనప తీగ ఎక్కడైనా తెగి ఉంటే గుడ్డ చిక్కుకుంటుంది. కన్ను మోసపోతుంది గానీ గుడ్డ మోసపోదు.

మొదటి తాడు మీద గుడ్డ చిక్కుకుంది. రెండో దాని మీద సగం చిరిగింది. మూడో దాని మీద పీలికలైంది. జేబు రుమాలు తీసి నాలుగో తాడుకి చుట్టాడు. జారింది. మెత్తగా, చివరిదాకా జారింది.

ఎనిమిది నెలలుగా అతను కార్డు మీద గీకిన సంతకాల్లో నిజమున్నది ఈ ఒక్క తాడు వరకే.

కూతురి సాయంతో కిందికి దిగి, మేడ మేనేజరు ముందే కార్డు తీసి, ఎనిమిది సంతకాలూ అడ్డంగా కొట్టేశాడు.

"ఇవన్నీ అబద్ధాలండీ. నేను పైకెక్కలేదు. మా పైవాళ్ళకి నా పేరు రాసి పంపండి. తాళ్ళు మార్చేదాకా ఇది కదలదు."

మేనేజరు కార్డు అందుకున్నాడు. పక్కనే ఒంటి చెప్పుతో నిలబడ్డ కూతురు మెల్లగా అడిగింది: "మరి పొద్దున అమ్మతో చూశానన్నావు కదా నాన్నా?"

అతను లిఫ్టు తలుపుకి 'పనిచేయదు' బోర్డు తగిలించడానికి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి భార్య ఉతికిన బట్టలు మడతపెడుతోంది. అతను గోడకి చేరగిలబడ్డాడు. జరిగిందంతా, ఒక్క ముక్క దాచకుండా చెప్పాడు.

"ఇన్నేళ్ళూ చేత్తో తాకిందే నిజమనుకున్నాను," అన్నాడు. "తాకకుండానే నిజమని సంతకం పెట్టడం ఎప్పుడు మొదలెట్టానో నాకే తెలీదు. నన్ను నిలబెట్టింది నీ కల. ఇక జన్మలో దానికి ఎదురు చెప్పను."

"కల నాకెక్కడొచ్చిందండీ? రోజూ తెల్లారుజామున మీరు కలవరించేదే మీకు చెప్పాను. మిగతాది ఇందులో రాసిపెట్టాను," అంటూ ఆమె ఒక మడత కాగితం అతని చేతిలో పెట్టింది. "లేవండి, మీరు పైకెక్కకుండా సంతకాలు పెట్టిన లిఫ్టులు ఇంకా ఆరున్నాయి."