అవ్వకు నిద్ర రాని పుస్తకం

“మా అత్త నిద్రపోయింది సార్,” అంటూ భూదేవి పుస్తకాన్ని బల్ల మీద పెట్టింది.

ఎల్లారెడ్డి గ్రంథాలయంలో లైబ్రేరియన్ చక్రధర్ తలెత్తి చూశాడు. మొన్న తానే ఎంచి ఇచ్చిన నీతికథల పుస్తకం అది.

“పుస్తకం మీ బిడ్డ కోసమన్నరు కదమ్మా?”

“బిడ్డ కోసమే. పదో తరగతికొచ్చింది. అది చదవాలె, మా అత్త వినాలె. అత్త నిద్రపోతె బిడ్డ పని ఖతం.”

చక్రధర్‌కు అర్థం కాలేదు. భూదేవి కుర్చీ లాక్కుని కూర్చుని చెప్పింది.

బడికి సెలవులిచ్చిన రోజే అత్త భూదవ్వ కొత్త చాట తెచ్చి త్రివేణి ముందు పెట్టింది. ‘పొద్దంత ఫోన్ పట్టుకొని కూసుంటవ్. బీడీలు చుట్టుడు నేర్చుకో. కార్ఖానాల అడిగి నీ పేరు మీద గూడ బీడీ ఆకు తెస్త’ అంది. భూదేవి అడ్డం నిలబడింది. చిన్నప్పుడు తన ఒళ్లోకి వచ్చిన చాట ఇప్పటిదాకా దిగలేదు. ‘సెలవులల్ల నా బిడ్డ చదువుకుంటది’ అని తెగేసి చెప్పింది. చివరికి ముసలామె షరతు పెట్టింది. ‘సరే, చదవని. గట్టిగ చదవాలె, నేను వినాలె. నాకు నిద్రొచ్చిన్నాడు పిల్ల చాట పట్టాలె.’

“రెండో కథకే గుర్రు పెట్టింది సార్. కాళ్లావేళ్లా పడితె ఇంకొక్క పుస్తకం చూద్దామన్నది.”

గోడకానుకుని ఫోన్ చూసుకుంటున్న త్రివేణి, “చదివే నాకే నిద్రొచ్చింది. అవ్వకు రాదా?” అంది.

“నువ్వు నోర్ముయ్యి. చాట పడితె తెలుస్తది,” అంది తల్లి.

చక్రధర్ పిల్లల అర నుంచి రంగుల బొమ్మల పుస్తకం తెచ్చాడు.

“గిది మూడో తరగతోళ్లది సార్,” త్రివేణి మూతి తిప్పింది.

ఈసారి గ్రహాల గురించిన పుస్తకం తెచ్చాడు. భూదేవి దాన్ని కూతురి చేతిలో పెట్టి పైకి చదవమంది. త్రివేణి చదువుతుంటే ఆమె పుస్తకం వైపు చూడలేదు. పక్క బల్ల దగ్గర పేపర్లు చదువుకుంటున్న పెద్దమనుషుల వైపు చూసింది.

“వద్దు సార్.”

“పేజీ కూడా కాలేదు కదమ్మా!”

“వాళ్లను చూడుర్రి. ఒక్కరన్న తల ఎత్తిండ్రా? వీళ్లను కదిలించనిది మా అత్తనేం కదిలిస్తది?”

చక్రధర్‌కు పట్టుదల వచ్చింది. ఒక సాహసయాత్ర పుస్తకం తెచ్చాడు. త్రివేణి చదివింది. ఒకాయన కదిలాడు.

“అగో, కదిలిండు,” అన్నాడు చక్రధర్.

“దోమ కుట్టింది సార్ ఆయనకు.”

ఈసారి చక్రధర్ లోపలి బీరువా తెరిచి ఒక నవల తెచ్చాడు. అందులో దాబా ముందు ఆపిన లారీ డ్రైవర్‌తో సహా మాయమవుతుంది. డ్రైవర్ కూతురు, పదో తరగతి పిల్ల, తండ్రిని వెతుక్కుంటూ బయలుదేరుతుంది. త్రివేణి మొదటి పేజీ విసుగ్గానే చదివింది. రెండో పేజీ తల్లి చెప్పకముందే తిప్పింది. ఆ పేజీ చివర ఊపిరి పీల్చుకోవడానికి ఆగింది.

పక్క బల్ల దగ్గరి పెద్దమనుషుల్లో మైసన్న పేపరు మడిచాడు. “ఆగినవేంది బిడ్డ? లారీల ఉన్నదెవరు?”

“ఇది రాసుకోండ్రి సార్,” అంది భూదేవి.

ఆ మధ్యాహ్నం నుంచి ఇంట్లో వేరే లోకం మొదలైంది. త్రివేణి చదువుతుంటే భూదవ్వ చేతిలో ఆకు సగం చుట్టి ఆగిపోయేది.

“తాళంచెవి ఆ దాబాయన దగ్గర్నే ఉంటది.”

“కాదవ్వా, నాకు ఆయన బామ్మర్ది మీద అనుమానం.”

“బామ్మర్దులకు గంత తెలివెక్కడిదే?”

త్రివేణి పకపకా నవ్వింది. ఫోన్ చార్జింగ్ అయిపోయి గూట్లో పడి ఉన్న సంగతి ఎవరికీ గుర్తు లేదు.

పుస్తకం అయిపోయింది. రెండో భాగం ఎల్లారెడ్డిలో లేదు. భూదేవి తలకు కొంగు చుట్టుకుని, నిప్పులు కురిసే ఎండలో కామారెడ్డి బస్సెక్కింది. రెండు దుకాణాల్లో దొరకలేదు. మూడో దుకాణంలో దొరికేదాకా వెనక్కి రాలేదు. ఆ తర్వాత గ్రంథాలయానికి త్రివేణి ఒక్కతే పోయి, పేజీ పేజీ చదివి చూసుకుని తానే పుస్తకాలు ఎంచుకోసాగింది. అయినా భూదేవికి గుబులు తీరలేదు. ఏ పుస్తకం తేలిపోయినా చాట సిద్ధంగా ఉంది.

బీడీలు అప్పజెప్పే రోజు వచ్చింది. కార్ఖానాకు ఎప్పుడూ భూదవ్వే పోయేది. కోడల్ని పోనిచ్చేది కాదు. ఆ రోజు మాత్రం చాప మీద నుంచి లేవలేదు.

“నువ్వే పోయి రా. కథల పోరి బాయిలకు దిగింది. అది పైకొచ్చేదాక నేను లేవ.”

కార్ఖానాలో ఆకిచ్చి బీడీలు తీసుకునే భూపాల్ కట్టలు చూసి పక్కన పెట్టాడు. ఇదే అదను అనుకుంది భూదేవి. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

“భూపాలన్నా, నీకు దండం పెడత. మా అత్త వచ్చి త్రివేణి పేరు మీద ఆకు అడుగుతె లేదని చెప్పు. ఎంత లొల్లి చేసినా ఇయ్యకు. నా బిడ్డను చదివించుకోవాలె.”

భూపాల్ ఆమెను వింతగా చూశాడు. తర్వాత నవ్వాపుకోలేకపోయాడు.

“ఒక్కింట్ల ఉంటరు, మీకు మీకు మాటల్లేవా చెల్లె?”

“ఏందన్నా?”

“సెలవులకు ముందే వచ్చి, త్రివేణికి ఆకియ్యొద్దని మీ అత్తనే నాతోని ఒట్టేయించుకున్నది.”