ఒకరికి ఒక్క భార్య

"ఏడిస్తే తెల్లదొర గుండె కరుగుతుందా? కళ్ళు తుడుచుకో!"

పక్కన కూర్చున్న లావుపాటి ఆవిడ కసిరింది.

సౌఫాంగ్ ఏడుపు ఆగలేదు. చైనాలోని కాంటన్ నుంచి ఓడలో వచ్చిన ఆడవాళ్ళందరినీ ఫ్రెంచివాళ్ళేలే సైగాన్ రేవులో ఓ రేకుల షెడ్డులో ఉంచారు. మొగుడు స్వయంగా కటకటాల దగ్గరికొచ్చి "ఇది నా భార్య" అంటేనే వదులుతారు. లేదంటే సాయంత్రం అదే ఓడలో వెనక్కి.

ఆ రూలు కోసం మా చైనా కాన్సులూ ఫ్రెంచి దొరలూ ఏడాది పాటు ఉత్తరాలు రాసుకున్నారు. మావాళ్ళకు ఇద్దరేసి ముగ్గురేసి పెళ్ళాలుంటారని దొరల బెంగ. చివరికి ఒకరికి ఒక్క భార్య, అదీ జన్మకొక్కసారే రప్పించుకోవాలని తేల్చారు. మొగుడు మంచాన పడితే ఏం చెయ్యాలో మాత్రం అంతమంది పెద్దలకూ తోచలేదు.

"మీ ఆయన రాడా?" అడిగింది ఆవిడ.

"మిల్లులో బియ్యం బస్తాలు మీద పడ్డాయక్కా. ఈ ఊళ్ళోనే, చోలోన్ ఆసుపత్రిలో ఉన్నాడు. ఇవాళో రేపో అని ఓడ దిగగానే కబురందింది. కడసారి చూపుకని వచ్చాను."

ఆవిడ లేచి కటకటాల దగ్గరికెళ్ళి, బయట నిలబడ్డ నడివయసు మనిషితో గుసగుసలాడింది. అతను తల అడ్డంగా ఊపాడు. ఆవిడ ఇంకేదో గట్టిగా చెప్పింది. అతను తల దించుకున్నాడు.

కాసేపటికి గుమాస్తా అతన్ని అడిగాడు.

"నీ భార్య ఎవరయ్యా?"

అతను సౌఫాంగ్‌ను చూపించాడు.

ఆమె రెండడుగులు వెనక్కి వేసింది. రేవుల్లో ఆడపిల్లల్ని ఇలాగే అమ్మేస్తారని ఊళ్ళో విన్నదే.

"పోవే, మొగుడు పిలుస్తుంటే!" ఆవిడ వెనక నుంచి తోసింది.

"నన్ను ఎంతకు అమ్మావే, పాపిష్టిదానా?" పళ్ళు కొరుకుతూ ఆవిడ మొహాన ఉమ్మేసింది సౌఫాంగ్.

ఆవిడ చేత్తో తుడుచుకుని ఊరుకుంది.

కాదంటే ఓడెక్కిస్తారు. బయటపడ్డాక పారిపోవచ్చనుకుని సౌఫాంగ్ అతని వెంట నడిచింది. కానీ అతను ఎక్కించిన రిక్షా తిన్నగా చోలోన్ ఆసుపత్రి ముందు ఆగింది.

"మీ ఆయన పేరు చెప్పు, లోపల చూపిస్తారు. తొందరగా వెళ్ళమ్మా."

రిక్షా దిగిన సౌఫాంగ్ వెనక్కి తిరిగింది.

"మరి... మీరు రారా అన్నా?"

"రేవుకు పోవాలి. ఓడ కదిలేలోపు నా భార్యను ఒక్కసారి చూసుకోవాలి. చూసి పదేళ్ళయింది."

"ఆమె రేవులోనే ఉందా! మరి ఆమెను తెచ్చుకోకుండా నన్నెందుకు..."

"నేను ఒప్పుకోలేదమ్మా." అతను రిక్షావాడికి రేవు వైపు చెయ్యి చూపించాడు. "'రూలు మారేదాకా నేను ఆగగలను, ఆ పిల్ల మొగుడు ఆగలేడు' అంటూ నిన్ను ముందుకు తోసింది తనే."