రేకు వెనక చప్పుడు

టక్. టక్. లోపల్నించి రెండు చప్పుళ్ళు.

కృపాకర్ రివెట్ గన్ను కింద పెట్టి డ్రిల్లు అందుకున్నాడు. ఇప్పుడే కొట్టిన రివెట్ తల తొలిచేసి, మిగతాది లోపలికి తోసేశాడు. ఆ కన్నంలో కొత్తది పెట్టాడు.

రేకుల్ని కలిపే ఈ రివెట్ పని ఒక్కరి వల్ల అయ్యేది కాదు. రేకు బయట ఒకరు గన్నుతో కొట్టాలి. లోపల ఒకరు రివెట్ చివరన ఇనప దిమ్మ ఆనించి పట్టుకోవాలి. అది ఎలా అణిగిందో లోపలివాళ్ళకే కనబడుతుంది. బాగుంటే రేకు మీద ఒకసారి తడతారు. లేకపోతే రెండుసార్లు. రెండంటే పీకి మళ్ళీ కొట్టమని.

లోపలున్నది పరిమళ, కృపాకర్ భార్య. ఆసుపత్రిలో నర్సు.

గల్ఫ్‌లో, రాస్ అల్ ఖైమా ఊరవతల షెడ్డు. విడిభాగాలుగా పెట్టెల్లో వచ్చిన రెండు సీట్ల విమానం. కొనుక్కున్న ముదీర్‌కి, అంటే అక్కడి యజమానికి, దాన్ని తనే ఎగరేయాలని ముచ్చట. బాడీ బిగించే పని కృపాకర్‌కి ఒప్పజెప్పాడు. విమానాలు బాగుచేసే పెద్ద హ్యాంగర్లో ఇరవై ఏళ్ళు ఇదే పని చేసిన మనిషి. రివెట్ కూర్చుందో లేదో చప్పుడు విని చెప్పేస్తాడని అక్కడ పేరు. తోకవైపు ఇరుకులో దూరడానికి మాత్రం సన్నటి మనిషి కావలసి వచ్చింది. పరిమళ వస్తానంది.

"ఈ బాడీ మూసేదాకా ఉంటాను. తర్వాత మా అమ్మ దగ్గరికి ఎళ్ళిపోతాను. మీరు నా ఎనకాల రావద్దు."

అన్నట్టే సూట్‌కేసు సర్ది తలుపు పక్కన పెట్టింది. దాన్ని చూసినప్పుడల్లా ఉండిపొమ్మనాలని ఉండేది కృపాకర్‌కి. అడగడానికి మొహం చెల్లేది కాదు.

అంతకు ముందు ఏడాది, కరోనా కొత్తలో, అమలాపురంలో అమ్మమ్మ దగ్గర చదువుకుంటున్న ఆల్విన్‌కి జ్వరమొచ్చింది. ఒక్కడే కొడుకు. ఇవాళే బయల్దేరదామంది పరిమళ. "మామూలు జ్వరమేలే. వచ్చే వారం ఎళ్దాం" అన్నాడు కృపాకర్. వచ్చే వారానికి విమానాలు ఆపేశారు. విమానాలు బాగుచేసే మనిషికి ఎక్కడానికి ఒక్క విమానం దొరకలేదు. కొడుకు భూస్థాపన ఫోన్లో చూశారు. మధ్యలో సిగ్నల్ పోయింది. ఇద్దరిలో ఎవరూ మళ్ళీ కలపలేదు.

అప్పట్నించీ ఏడుపూ లేదు, పోట్లాటా లేదు. ఉప్పుకీ పప్పుకీ తప్ప మాటల్లేవు. అక్కడ సెలవైన శుక్రవారం ఆరాధన అయ్యాక చర్చినుంచి నేరుగా షెడ్డుకి వస్తారు. ఆమె అతనికి జవాబు చెప్పేది ఆ ఒక్క పూటే. అదీ రేకు వెనకనుంచి.

మొదట్లో ఒక్క చప్పుడే వినిపించేది. బాడీ మూతపడేకొద్దీ రెండు చప్పుళ్ళు ఎక్కువయ్యాయి.

సాయంత్రం పరిమళ బయటికి పాక్కుంటూ వచ్చి, తొలిచేసిన ముక్కల్ని బిస్కెట్ల డబ్బాలో పోసేది. ఎగిరేదాంట్లో చిన్న ముక్క కూడా మిగలకూడదు.

"మిగిలింది వచ్చే వారం" అనేవాడు కృపాకర్.

ఆమె చున్నీకంటిన దుమ్ము దులుపుకుని కారెక్కేది.

ముదీర్‌కి విసుగొచ్చింది, తొందరగా ముగించకపోతే వేరే మనిషిని తెస్తానన్నాడు. "కృపాకర్, తుమారా హాత్ ఖరాబ్ హో గయా. జల్దీ ఖలాస్ కరో. నహీ తో దూస్రా ఆద్మీ లాయేగా."

"జీ, ముదీర్."

కొడుకుతోపాటే చెయ్యి కూడా పోయింది పాపం అని చర్చిలో అనుకున్నారు. అతను ఔననలేదు, కాదనలేదు.

ఆ శుక్రవారం ముదీర్ కుసుమకుమారిని పంపాడు. రాజమండ్రి మనిషి. షార్జాలో విమానాల పని తనిఖీ చేసే ఇంజనీరు. ఇతని చెయ్యి పనికిరాదని ఆమె ఒక్క మాటంటే రేపే వేరే మనిషి వస్తాడు.

ఆఖరి రేకు. ఆఖరి వరస. గన్ను మోగి ఆగింది.

టక్. టక్.

కృపాకర్ తొలిచి, కొత్తది పెట్టి కొట్టాడు.

టక్. టక్.

కుసుమకుమారి అతని మొహం చూసింది. అందులో ఏమీ కనబడలేదు. బల్ల మీదున్న డబ్బా మూత తీసింది. సంచిలోంచి, రివెట్ సరిగ్గా అణిగిందో లేదో చూపే కొలత బిళ్ళ తీసి ఒక ముక్కకి ఆనించి చూసింది. ఇంకోదానికి ఆనించింది. గుప్పెడు తీసి బల్ల మీద పోసి ఒక్కొక్కటే తిప్పింది. ఆమె నొసలు ముడిపడింది.

"ఏంటండీ కృపాకర్ గారూ, వీటిల్లో..."

కృపాకర్ గన్ను వదిలేసి గబుక్కున వచ్చాడు. బల్ల మీది ముక్కల్ని అరచేత్తో కమ్మి, చప్పుడు కాకుండా డబ్బాలోకి జార్చాడు. తోకవైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు.

"మెల్లిగా మేడమ్, ఇయ్యన్నీ మంచియ్యేనని నాకు మొదట్నించీ తెలుసన్న సంగతి ఆవిడికి తెలీకూడదు."